పాత కార్బొరేటర్ బండిని ఇథనాల్ పెట్రోల్‌కి ఎట్టా రెడీ చేసుకోవాలి

మా నాయన బండి 2004 మోడల్, 100 సీసీ కార్బొరేటర్ (గాలిలో పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) బండి. ఇరవై ఏళ్లుగా నెల్లూరు దగ్గర మైపాడు వైపు రొయ్యల గుంటల కట్టల మీదే తిరిగింది, ఇప్పటికీ ఆయనకి ఆ బండే కావాలి, కొత్తది కొనిస్తామన్నా వద్దంటాడు. పోయిన వానాకాలంలో దానికి ఒక జబ్బు పట్టుకుంది, పొద్దున చోక్ లాగి పది కిక్కులు కొడితే గానీ లేవదు, సెంటర్లో స్లో చేస్తే చాలు ఆగిపోద్ది, రాత్రి పెట్టిన చోట తెల్లారేసరికి ట్యాంకు కింద ఉండే పెట్రోల్ ట్యాపు కింద మరక. ఒక మెకానిక్ దగ్గరకి తీసుకెళ్తే ఇదంతా ఇథనాల్ వల్లేనని చెప్పి పెద్ద జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోల్‌ని కొలతగా వదిలే సన్న చిల్లున్న ముక్క) వేశాడు, రెండు రోజులు బాగానే ఉన్నట్టు అనిపించి మళ్లీ మొదటికొచ్చింది. ఆఖరికి ఒక ఆదివారం నేనే కూర్చుని విప్పి చూస్తే ట్యాపు లోపలి రబ్బరు వాషర్ ఉబ్బిపోయి ఉంది, ట్యాంకు అడుగున నీళ్లున్నాయి, జెట్టుకీ ఆ జబ్బుకీ అసలు సంబంధమే లేదు.

అందుకే పాత బండిని ఇథనాల్‌కి మార్చుకునేవాళ్లకి నేను చెప్పే వరస ఒకటే: ముందు రబ్బరు, తర్వాత ట్యాంకులో తుప్పు, నీళ్లు, అన్నీ అయ్యాకే జెట్. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తా ఉండారు, డబ్బులు పోతాయి, బండి మాత్రం బాగుపడదు.

ముందు మన బంకుల్లో వచ్చేది ఏంటో తెలుసుకోండి. మన దేశంలో పెట్రోల్‌లో ఇథనాల్ కలపడం 2003 నుంచే ఉంది, 2022 జూన్‌కి దేశం మొత్తం మీద సగటున 10 శాతానికి వచ్చింది, 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, మొదలుపెట్టారు, 20 శాతం లక్ష్యాన్ని 2030 నుంచి ముందుకి జరిపి 2025కల్లా అందుకున్నారు. చెరకు, మొక్కజొన్న, నూకల బియ్యం నుంచి తీస్తారు దీన్ని. 2023 ఏప్రిల్ నుంచి వస్తున్న బండ్లలో రబ్బరు, పైపులు ఈ20 తట్టుకునేవే వేస్తున్నారు కాబట్టి వాటి జోలికి పోవాల్సిన పనిలేదు. నేను చెప్పేదంతా అంతకు ముందువి, ముఖ్యంగా కార్బొరేటర్ ఉన్న బైకులు, స్కూటర్లు, పాత మారుతి 800 లాంటి కార్ల గురించి.

ఇథనాల్ పాత బండిలో మూడు పనులు చేస్తుంది. ఒకటి, పాత రకం రబ్బరుని ఉబ్బిస్తుంది, ఆ ఉబ్బిన రబ్బరు మళ్లీ ఆరితే ముడుచుకుపోయి పగుళ్లిస్తుంది. రెండు, నీళ్లని తనలోకి లాక్కుంటుంది, పెట్రోల్ ఆ పని చేయదు. మూడు, దీన్లోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి మండటానికి గాలి తక్కువ చాలు. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, ఉత్త ఇథనాల్‌కి 9 కిలోలు చాలు, ఈ20కి లెక్క వేస్తే సుమారు 13.5 వస్తుంది. అంటే అదే గాలికి ఇంధనం కాస్త ఎక్కువ పోవాలి, పాత జెట్ అంతే పంపిస్తా ఉంటే మిక్చర్, అంటే గాలి పెట్రోల్ కలిసిన మిశ్రమం, పలచబడుతుంది (పెట్రోల్ పాలు తగ్గుద్ది). ఇంకోటి, లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌తో పోలిస్తే మూడింట రెండు వంతులే, మైలేజీ తగ్గేది అందుకే.

మైలేజీ మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తా. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన రిపోర్టులో ఈ20 వల్ల ఉత్త పెట్రోల్‌కి తయారై ఈ10కి ట్యూన్ చేసిన కార్లకి 6-7 శాతం, అట్టాంటి టూవీలర్లకి 3-4 శాతం మైలేజీ తగ్గుతుందని రాశారు. లీటరుకి 60 వచ్చే బండి 58కి దిగితే అది ఇథనాల్ ఖాతా, దానికి ఎవరూ ఏమీ చేయలేరు. 60 వచ్చేది 45కి పడిపోతే మాత్రం అది ఇథనాల్ కాదు, ఎక్కడో కారుతా ఉందో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందో, బ్రేకు పట్టేస్తా ఉందో చూడండి.

ఇక పనిలోకి దిగేముందు ఒక చిన్న పరీక్ష చేసుకోండి, దీంతో మీ ట్యాంకులో ఇథనాల్ ఎంతుందో మీ కళ్లకే కనపడుద్ది. స్కూలు ల్యాబు సామాన్లు అమ్మే షాపులో 100 మిల్లీలీటర్ల గాజు కొలత గొట్టం దొరుకుతుంది. దాన్లో ముందు 10 మి.లీ. నీళ్లు పోయండి, పైన 50 మి.లీ. పెట్రోల్ పోయండి, మూత బిగించి ఒక నిమిషం ఊపి మధ్యలో మూత కాస్త వదులు చేసి ఆవిరి పోనిచ్చి, పది నిమిషాలు కదపకుండా పెట్టండి. ఇథనాల్ పెట్రోల్‌ని వదిలేసి నీళ్లలోకి దిగిపోతుంది. కింద గీత 10 దగ్గర నుంచి 20 దాకా పెరిగిందంటే 50లో 10, అంటే 20 శాతం ఉన్నట్టు. చుక్కా చుక్కా లెక్క తేలదు, కానీ ఈ10యా ఈ20యా అనేది ఇట్టే తెలిసిపోద్ది. ఇది ఆరుబయటే చేయండి, వంటింట్లో వద్దు, పక్కన బీడీ తాగేవాళ్లని కూడా పంపించేయండి. పరీక్ష చేసిన పెట్రోల్‌ని మళ్లీ బండిలో పోయకండి, కాలవలోనూ పారబోయకండి.

ఇప్పుడు రబ్బరు పని. మీ బండిలో పెట్రోల్ తగిలే రబ్బరు ఎక్కడెక్కడ ఉందో ఒక కాగితం మీద రాసుకోండి: ట్యాంకు మూత కింద వాషర్, పెట్రోల్ ట్యాపుకి ట్యాంకుకి మధ్య ఓరింగు, ట్యాపు లోపల చిల్లుల రబ్బరు, ట్యాపు నుంచి కార్బొరేటర్‌కి వచ్చే పైపు, ఫ్లోట్ బౌల్ (కార్బొరేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె) చుట్టూ ప్యాకింగు, ఆ గిన్నెలోకి పెట్రోల్‌ని ఆపే, వదిలే ఫ్లోట్ సూది కొన మీద ఉండే రబ్బరు, మిక్చర్ సర్దే స్క్రూ ఓరింగు, కార్బొరేటర్ ఇంజిన్‌కి కలిసే చోట ఓరింగు. ఇవన్నీ ఒకేసారి మార్చేయండి. ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే ఆ వదిలేసింది వచ్చే నెల్లో కారుద్ది, మళ్లీ ట్యాంకు దించాలి, మళ్లీ అదే గోల.

షాపులో కార్బొరేటర్ కిట్ అని అడిగితే ఇస్తారు, అయితే ఏళ్ల తరబడి అలమరలో మగ్గిన పాత స్టాకు తీసుకోవద్దు, ఈ మధ్య ప్యాక్ అయిందే అడగండి. ఓరింగులు వైటాన్ అనే రబ్బరు రకం దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి, ఇథనాల్‌కి అది బాగా ఆగుతుంది. పైపు కొనేటప్పుడు పాత పైపు ముక్క చేతిలో పెట్టుకుని వెళ్లి లోపలి బోరు సరిచూసి కొనండి. పైపు మీద ఎస్ఏఈ జె30 ఆర్9 అని ముద్ర ఉంటే మంచిది, అది లోపల ఇథనాల్ తట్టుకునే పొర ఉన్న రకం. కుర్రాళ్లు అందం కోసం వేసే పారదర్శకం ప్లాస్టిక్ పైపు మాత్రం వద్దంటే వద్దు, కొన్నాళ్లకి పసుపెక్కి కట్టెలాగా బిగుసుకుపోతుంది, ఎండాకాలంలో మన నెల్లూరు ఎండకి క్లిప్పు దగ్గర చీలిపోయిందంటే కింద ఇంజిన్ వేడిగా ఉంటుంది, ఏమవుద్దో నేను చెప్పక్కర్లేదు.

షాపు వాడు ఇచ్చిన ఓరింగు ఏ రకమో నమ్మకం లేకపోతే నేను చేసే పని ఇది: రెండు కొంటా, ఒకటి చిన్న గాజు సీసాలో బంకు పెట్రోల్ పోసి దాన్లో వేసి గట్టిగా మూత పెట్టి వారం రోజులు నీడన పెడతా, తర్వాత తీసి కొత్తదాని పక్కన పెట్టి చూస్తా. ఎంతో కొంత ఉబ్బడం మామూలే, కానీ సైజు తేడా కంటికే కనపడినా, గోటితో నొక్కితే బంకలాగా దిగినా ఆ షాపు మాల్ వేయను. వారం ఆగడం కష్టంగానే ఉంటుంది, అయినా ట్యాంకు రెండోసారి దించడం కంటే నయం.

కార్బొరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఓరింగు గురించి ఇంకొక్క మాట. అది పాడైతే అక్కడ నుంచి దొంగగాలి లాగుద్ది, బండి అచ్చం జెట్ చాలనట్టే ప్రవర్తిస్తుంది, చాలా బండ్లకి జెట్ మార్చి బోల్తా పడేది ఇక్కడే. ఇంజిన్ స్లోలో ఆడుతా ఉన్నప్పుడు ఆ జాయింట్ మీద సబ్బు నీళ్లు నాలుగు చుక్కలు వేయండి, ఇంజిన్ సౌండ్ మారిందంటే గాలి అక్కడ నుంచే పోతా ఉంది.

తర్వాత ట్యాంకు. ఇథనాల్ మంచి సాల్వెంట్, ఇరవై ఏళ్లుగా ట్యాంకు గోడలకి పట్టిన జిగురుని, తుప్పు పొడిని ఊడదీసి కిందకి తెస్తుంది, అది నేరుగా జెట్టులోకి పోయి కూర్చుంటుంది. మనది సముద్రం పక్క, మైపాడు కానీ కొత్తపట్నం కానీ సింగరాయకొండ కానీ ఉప్పుగాలికి ఇనుము మామూలుగానే నిలవదు, అందులో సగం ఖాళీ ట్యాంకుతో నెలల తరబడి పెట్టిన బండి అయితే లోపల తుప్పు ఖాయం. ట్యాంకు దించి పెట్రోల్ మొత్తం డబ్బాలోకి వంచి, ట్యాపు విప్పి, టార్చి లైటు వేసి లోపలికి చూడండి. సన్నగా ఎర్రగా ఉంటే వెనిగర్ పోసి ఒక రాత్రి ఉంచి, గుప్పెడు చిన్న నట్లు లెక్కపెట్టి మరీ లోపల వేసి బాగా కుదపండి, ఎన్ని వేశారో అన్నీ బయటికి తీయండి. తర్వాత మంచినీళ్లలో వంట సోడా కలిపి కడిగి, మళ్లీ ఉత్త నీళ్లతో కడిగి, వెంటనే మిట్టమధ్యాహ్నం ఎండలో మూత తీసి నోరు కిందకి పెట్టి ఆరబెట్టండి. ఆరగానే కాస్త పెట్రోల్ పోసి అంతా తడిసేలా తిప్పి పారేయండి, లేకపోతే తడి ఇనుము సాయంత్రానికే మళ్లీ ఎర్రబడుద్ది. చిల్లులు పడే దాకా తినేసిన ట్యాంకుని మాత్రం బాగు చేయాలని చూడొద్దు, మార్చేయండి. పెట్రోల్ ఖాళీ చేసిన ట్యాంకుకి వెల్డింగ్ పెట్టించడం ప్రాణాల మీదకి తెచ్చే పని, లోపల మిగిలిన ఆవిరి చాలు పేలడానికి.

ట్యాపుకి కార్బొరేటర్‌కి మధ్య ఒక చిన్న ఫిల్టర్ పెట్టండి. మొదటి రెండు మూడు ట్యాంకుల పెట్రోల్ అయ్యాక ఆ ఫిల్టర్ తీసి పారేసి కొత్తది వేయండి, చెత్తంతా దాన్లోనే ఉంటుంది.

నీళ్ల సంగతి. ఇథనాల్ కొద్దిపాటి నీళ్లని తనలో దాచుకుని ఇంజిన్‌లోకి మోసుకుపోయి ఆవిరి చేసేస్తుంది, అంతవరకు నష్టం లేదు. కానీ నీళ్లు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీళ్లు రెండూ కలిసి పెట్రోల్‌ని వదిలేసి అడుక్కి దిగిపోతాయి, ట్యాపు గొట్టం ఉండేది ఆ అడుగునే కాబట్టి కార్బొరేటర్‌కి వచ్చేది అదే. ఆ ద్రవంతో బండి లేవదు, జింకుతో పోసిన కార్బొరేటర్ బాడీ లోపల తెల్లటి పొడి పడుద్ది. గాలిలో తేమ వల్ల వచ్చే నీళ్ల కంటే మనం పోసే నీళ్లే ఎక్కువ అని నాకు అర్థమైంది, వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ను మూత మీద కొట్టడం, తుఫాను వానలో బండి రాత్రంతా బయట తడవడం, మూత చుట్టూ ఉన్న నీళ్ల చిల్లు మట్టితో మూసుకుపోయి నీళ్లు అక్కడే నిలబడటం. ఆ చిల్లులో సన్నటి తీగ పెట్టి తీయండి, మూత వాషర్ మార్చండి, సర్వీసింగ్ చేయించేటప్పుడు మూత మీద పాలిథీన్ కవర్ కట్టండి. కార్బొరేటర్ కింద బౌల్‌కి ఒక డ్రెయిన్ స్క్రూ ఉంటుంది, ట్యాపు మూసి అది వదులు చేసి గాజు సీసాలో పట్టి చూడండి, రెండు పొరలుగా కనపడితే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే. ట్యాంకులో పోసే చిన్న సీసాల మందులు అమ్ముతారు, ఒకసారి విడిపోయిన పెట్రోల్‌ని అవి మళ్లీ కలపలేవు, ఉబ్బిన రబ్బరుని తగ్గించలేవు, ఆ డబ్బులకి ఓరింగులు కొనుక్కోండి.

ఇవన్నీ అయ్యాక ఒక వారం బండి మామూలుగా తిప్పండి. సగం బండ్లకి ఇక్కడితో పని అయిపోతుంది, జెట్ ముట్టుకునే అవసరమే రాదు.

ఇంకా బండి పలచగా ఆడుతుందో లేదో స్పార్క్ ప్లగ్గు చెబుతుంది. రోడ్డు ఖాళీగా ఉన్న పొద్దున పూట హైవే మీద ఒక ఐదు కిలోమీటర్లు ఒకే స్పీడులో పోనిచ్చి, పక్కకి తీసి క్లచ్ పట్టి ఇంజిన్ ఆపేసి, చల్లబడ్డాక ప్లగ్గు తీయండి. పాల కాఫీ రంగులో ఉంటే అంతా బాగుంది. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండి, ఇంజిన్ బాగా వేడెక్కుతా, యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్ టపటపమంటా ఉంటే మిక్చర్ పలచగా ఉంది. నల్లగా మసి ఉంటే చిక్కగా ఉంది, అప్పుడు జెట్ పెంచితే ఇంకా పాడవుద్ది.

పలచగా ఉంటే ముందు మిక్చర్ స్క్రూతో చూడండి. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, లోపలికి తిప్పితే చిక్కబడుద్ది. ఇంజిన్ వైపు ఉంటే పెట్రోల్ స్క్రూ, బయటికి తిప్పితే చిక్కబడుద్ది. తిప్పేముందు మెల్లగా లోపలికి పూర్తిగా బిగించి ఎన్ని చుట్లు పట్టిందో రాసి పెట్టుకోండి, తేడా వస్తే వెనక్కి రావడానికి. గట్టిగా బిగిస్తే కొన విరుగుద్ది. తర్వాత యాక్సిలరేటర్‌తో పైకీ కిందకీ కదిలే జెట్ సూది (ఇది ఫ్లోట్ సూది కాదు), దాని మీద క్లిప్పుకి గాట్లు ఉండే రకమైతే క్లిప్పుని ఒక గాటు కిందకి దించండి, సూది పైకి లేచి మధ్య స్పీడులో పెట్రోల్ ఎక్కువ ఇస్తుంది. ఇవి రెండూ చాలకపోతేనే ఎక్కువ స్పీడులో పెట్రోల్ ఇచ్చే మెయిన్ జెట్. లెక్క ఏంటంటే ఉత్త పెట్రోల్‌కి అమర్చిన బండికి ఈ20లో ఏడెనిమిది శాతం ఎక్కువ ఇంధనం కావాలి, జెట్ చిల్లు వ్యాసంలో అది నాలుగు శాతం కూడా కాదు, అంటే 0.80 మిల్లీమీటర్ల చిల్లు ఉన్నచోట 0.83 దగ్గర. సైజుల్లో ఒక మెట్టు, మహా అయితే రెండు. పాత జెట్టుని సూదితోనో డ్రిల్లుతోనో పెద్దది చేయించుకోవద్దు, చిల్లు గరుకైపోయి మళ్లీ వెనక్కి రాలేరు, కొత్త జెట్ కొనుక్కుని పాతది పొట్లం కట్టి దాచుకోండి.

కార్బొరేటర్ ఉన్న పాత మారుతి 800కి ఇదే వరస, అదనంగా ఇంజిన్ పక్కన మెకానికల్ పెట్రోల్ పంపు ఉంటుంది, దాని లోపల డయాఫ్రం అనే పల్చటి రబ్బరు పొర. అది చిరిగితే పెట్రోల్ ఇంజిన్ ఆయిల్లోకి దిగుద్ది, డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, పెట్రోల్ వాసన గుప్పుమంటే బండి తీయకుండా పంపు మార్చి ఆయిల్ మార్చండి. వెనక ట్యాంకు నుంచి ముందుదాకా మధ్యమధ్యలో రబ్బరు ముక్కలు ఉంటాయి, కనపడేవే కాకుండా కింద నుంచి పడుకుని చూసి అన్నీ మార్చండి. ఎండాకాలం ఒంగోల్లో మధ్యాహ్నం ఆపిన కారు మళ్లీ లేవకపోతే పైపులో పెట్రోల్ ఆవిరై గాలి బుడగ పట్టి ఉండొచ్చు, బానెట్ ఎత్తి చల్లారనివ్వండి, పైపుని ఇంజిన్ వేడికి దూరంగా జరిపి కట్టండి.

ఇక పూర్తి ఇథనాల్ మీద నడపడం. తమిళనాడు, కర్ణాటకతో కలిపి ఐదు రాష్ట్రాల్లో కొన్ని బంకుల్లో 2024 మార్చిలో ఇథనాల్ 100 పెట్టారు కదా, తడ దాటితే తమిళనాడే కదా, మన పాత బండిలో అది పోయొచ్చా అని నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. చేయడం అసాధ్యం ఏమీ కాదు, బ్రెజిల్‌లో 1979లోనే ఫియట్ 147 కారుని ఉత్త ఇథనాల్ మీద అమ్మారు. అయితే దానికి ఇంధనం సగానికి సగం ఎక్కువ కావాలి, జెట్ చిల్లు వ్యాసం 22 శాతం పెరగాలి, స్లోలో పెట్రోల్ ఇచ్చే స్లో జెట్ కూడా అట్టాగే, ఫ్లోట్ సూది అంత పెట్రోల్ అందించగలగాలి, ప్లగ్గు నిప్పు కొట్టే సమయం (ఇగ్నిషన్ టైమింగ్) ముందుకి జరపాలి, ఇథనాల్ ఆక్టేన్ (ఒత్తిడికి ముందే అంటుకోకుండా ఆగే గుణం) ఎక్కువ కాబట్టి ఇంజిన్‌లో మిక్చర్‌ని నొక్కే కంప్రెషన్ పెంచితేనే దాని అసలు లాభం, చల్లగా ఉన్న పొద్దున స్టార్ట్ చేయడానికి విడిగా కాస్త పెట్రోల్ పోసే ఏర్పాటు కావాలి. కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్ పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ కార్లయితే ఆ ఇంజెక్టర్ తెరిచే టైము పెంచే కంట్రోలర్ కావాలి. ఇన్ని చేసినా మళ్లీ మామూలు పెట్రోల్ పోస్తే బండి నల్లపొగ కక్కుతుంది. మన జిల్లాలో రోజూ తిరిగే బండికి ఈ పని చేయించమని నేను ఎవరికీ చెప్పను.

చట్టం కూడా చూసుకోండి, మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, అందులో ఇంధనం రకం కూడా ఉంది, రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది పడతారు. రబ్బరు, పైపులు, ఫిల్టర్ మార్చడం మామూలు రిపేరు, దానికి ఎవరినీ అడగక్కర్లేదు. జెట్ మార్చాక మాత్రం పొల్యూషన్ చెక్ చేయించుకోండి, పొగ పరిమితిలో ఉందో లేదో తెలిసిపోద్ది. ఇండస్ట్రీ స్పిరిట్ ఎక్కడో తక్కువకి దొరుకుతుందని డబ్బాల్లో తెచ్చి కలపొద్దు, దాన్లో ఏం కలిపారో తెలియదు, చట్టానికీ విరుద్ధం, పైగా ఉత్త ఇథనాల్ మంట పట్టపగలు సరిగ్గా కనపడదు, అంటుకున్నా చెయ్యి కాలేదాకా తెలియదు.

బండి నెల రోజులకి పైగా ఆపాల్సి వస్తే ట్యాంకు నిండా పోయించి గాలికి చోటు లేకుండా చేసి, ట్యాపు మూసి, బౌల్లో పెట్రోల్ అయిపోయి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా ఆడనివ్వండి. మా నాయన బండికి ఇప్పుడు పాత జెట్టే మళ్లీ వేశాను, లీటరుకి 57 దాకా ఇస్తా ఉంది, ట్యాపు కింద మరక లేదు. దీపావళికి ముందు ఒకసారి, వానలు వెనక్కి పోయాక సంక్రాంతికి ఒకసారి బౌల్ స్క్రూ వదులు చేసి సీసాలో పట్టి వెలుతురుకి ఎత్తి చూస్తా, నేను ఊళ్లో లేకపోతే ఆ సీసా ఆయనే పడతాడు.